ఒక ఊరి ఫ్రెంచి చిత్రోత్సవం

అమెరికాలో వర్జీనియా రాష్ట్రానికి రాజధాని అయిన రిచ్‌మండ్ నగరంలో 1993 నుంచి ఒక ఫ్రెంచి చలనచిత్రోత్సవం జరుగుతూ వస్తోంది. సాధారణంగా మార్చి నెలాఖరులో, వరసగా కొద్ది రోజుల పాటు, పొద్దుట మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే ఈ ఉత్సవాన్ని ప్రారంభించిన పీటర్ కర్క్‌పాట్రిక్, ఫ్రాన్స్వాజ్ రావో-కర్క్‌పాట్రిక్ దంపతులిద్దరూ ఫ్రెంచి బోధించే ఆచార్యులు. ఆయన వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో, ఆమె రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఆ రెండు సంస్థల అండతో దీన్ని నిలబెట్టారు. అమెరికాలోని ఫ్రెంచి చిత్రోత్సవాల్లో పెద్దవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఈ ఉత్సవం న్యూయార్కులోనో లాస్ ఏంజెలెస్‌లోనో కాక, రెండున్నర లక్షల లోపు జనాభా ఉన్న ఒక మధ్యతరహా నగరంలో పుట్టి అక్కడే వేళ్లూనుకోవడం దీని చరిత్రలో అన్నిటికన్నా గమనించదగ్గ విషయం.

చిత్రోత్సవం అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా గుర్తొచ్చేవి కాన్, వెనిస్, మన దేశంలోనైతే గోవా. కాన్ వంటి చోట్ల సినిమాలకు పోటీ జరుగుతుంది, న్యాయనిర్ణేతల సంఘం బహుమతులు ప్రకటిస్తుంది, పక్కనే పెద్ద బజారు వెలిసి వివిధ దేశాల పంపిణీదారులు చిత్రాల హక్కులు బేరమాడి కొంటారు. లోపలికి వెళ్లేవారిలో ఎక్కువమంది ఆ వృత్తిలో ఉన్నవారో పత్రికలవారో అయి ఉంటారు. స్థానిక చిత్రోత్సవం ప్రయోజనం వేరు. అక్కడ బజారు ఉండదు, ఎర్ర తివాచీ ఉన్నా లేకున్నా తేడా పడదు, టికెట్టు కొన్న ఊరివాడే ముఖ్య అతిథి. ఇంట్లో కూర్చుని చూసే వీలున్న రోజుల్లో కూడా ఇటువంటి ఉత్సవాలకు విలువ ఎందుకు తగ్గలేదంటే, అవి జనానికి అందించేది చిత్రాలను మాత్రమే కాదు. వందల మంది ఒకచోట చేరి ఒక చిత్రాన్ని చూసి, వెంటనే దాని కర్తను నిలబెట్టి ప్రశ్నించే ఒక అలవాటును అవి ఊరికి నేర్పుతాయి, ఏడాదికేడాది నేర్పుతూ పోతేనే ఆ అలవాటు నిలుస్తుంది.

రిచ్‌మండ్‌కు ఫ్రాన్సుతో పాత చుట్టరికమే ఉంది. ఆ ఊళ్లోని శాసనసభా భవనాన్ని థామస్ జెఫర్సన్ ఫ్రాన్సులో అమెరికా రాయబారిగా ఉన్న కాలంలో, దక్షిణ ఫ్రాన్సులోని నీమ్ పట్టణంలో నిలిచి ఉన్న రోమన్ల నాటి ఆలయం నమూనాగా, క్లెరిసో అనే ఫ్రెంచి వాస్తుశిల్పి సాయంతో రూపొందించాడు. ఆ భవనంలో ఉన్న జార్జి వాషింగ్టన్ పాలరాతి విగ్రహాన్ని చెక్కినవాడు ఊడన్ అనే ఫ్రెంచి శిల్పి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో బ్రిటిష్ సేన లొంగిపోయిన యార్క్‌టౌన్ అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది, ఆ విజయంలో ఫ్రెంచి సైన్యానికీ నౌకాదళానికీ పెద్ద వాటా ఉంది. అయితే ఇటువంటి చారిత్రక బంధాలు అమెరికాలో చాలా ఊళ్లకు ఉన్నాయి కాబట్టి, ఉత్సవం నిలవడానికి వాటిని కారణంగా చెప్పడం కష్టం. అది నిలిచింది ఇద్దరు ఉపాధ్యాయులు, వారి విద్యార్థులు, ఊరి ప్రేక్షకులు ఏటా పడిన శ్రమ వల్ల.

ఆ శ్రమకు చక్కని వేదిక కూడా దొరికింది. కేరీటౌన్ అనే దుకాణాల వీధిలో ఉన్న బర్డ్ థియేటర్ 1928 డిసెంబరు 24న తెరుచుకుంది. మూకీ చిత్రాల చివరి రోజుల్లో, సినిమాకు వెళ్లడమంటే రాజమందిరంలో అడుగుపెట్టినట్టు ఉండాలన్న ఊహతో అమెరికా అంతటా కట్టిన చిత్రసౌధాల్లో ఇదొకటి. వెయ్యికి పైగా సీట్లు, పాలరాయి, పూత పనులు, హాలు నడి కప్పు నుంచి వేలాడే రెండు టన్నులకు పైగా బరువున్న స్ఫటికాల దీపగుచ్ఛం ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. మూకీ చిత్రాలకు సంగీతం అందించడానికి అమర్చిన వర్లిట్జర్ ఆర్గన్ కూడా పనిచేస్తూనే ఉంది, ఆ వాయిద్యపు మెట్ల పలక, ముందు కూర్చున్న వాద్యకారుడితో సహా నేల అడుగు నుంచి యంత్రం మీద పైకి లేస్తుంది. ఏడాది పొడవునా ఈ హాలు తక్కువ ధర టికెట్లతో మామూలు జనానికి సినిమాలు చూపిస్తూ వచ్చింది, అంటే ఉత్సవానికి వచ్చే ఊరివాళ్లకు అది కొత్త చోటు కాదు. తమకు బాగా తెలిసిన హాల్లోనే తెలియని భాష వినబడడం వల్ల పరాయి సినిమా అన్న బెరుకు సగం పోతుంది. తెలుగు పట్టణాల్లో పాత థియేటర్లు ఒక్కొక్కటిగా కల్యాణ మండపాలుగానో దుకాణ సముదాయాలుగానో మారిపోయిన తీరు చూసినవారికి, ఒక ఊరి పాత హాలు ఆ ఊరికి ఎంత చేయగలదో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఉత్సవం లేకపోతే ఈ చిత్రాలు రిచ్‌మండ్‌కు రావా అంటే, చాలావరకు రావు. ఫ్రాన్సులో ఏటా రెండు వందలకు పైగా కథాచిత్రాలు తయారవుతాయి. వాటిలో అమెరికా పంపిణీదారుడు హక్కులు కొని విడుదల చేసేవి కొన్నే, ఆ కొన్ని కూడా ముందు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి మహానగరాల్లో ఆడి, డబ్బు వస్తుందన్న నమ్మకం కుదిరితేనే చిన్న నగరాలకు వెళతాయి. ఉత్సవ నిర్వాహకులు ఆ వరసను దాటి నేరుగా ఫ్రెంచి నిర్మాతలతో, విక్రయ సంస్థలతో మాట్లాడి ఒకటి రెండు ప్రదర్శనలకు అనుమతి తెచ్చుకుంటారు. ఒప్పుకున్నాక చిత్రం రావడం కూడా ఒక తతంగమే. ఫిల్ము రీళ్ల కాలం పోయి, ఇప్పుడు సినిమా డీసీపీ అనే డిజిటల్ మూటగా, హార్డ్‌డిస్కు మీద గాని ఇంటర్నెట్టు ద్వారా గాని వస్తుంది. ఆ మూటకు తాళం వేసి ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి లాంటి చిన్న ఫైలును విడిగా పంపుతారు. ఆ ఫైలు ఫలానా థియేటర్లోని ఫలానా యంత్రానికి, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు మాత్రమే పనిచేసేలా తయారై ఉంటుంది. గంటలు తప్పుగా పడితే, హాలు నిండా జనం ఉన్నా తెర వెలగదు. రోజుకు నాలుగైదు చిత్రాలు ఆడే ఉత్సవంలో ప్రొజెక్షను గదిలోని మనిషి ముందు రోజే ఒక్కొక్క మూటనూ తెరిచి, బొమ్మ కొలత, శబ్దం, సబ్‌టైటిళ్లు సరిచూసుకోవడం అందుకే.

అన్నన్ని సినిమాలు, వాటిలో అంత వైవిధ్యం ఒక్క దేశం నుంచి ఎలా వస్తున్నాయన్నది ఉత్సవానికి వెళ్లే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గ కథ. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఫ్రాన్సు అప్పుల్లో ఉన్నప్పుడు, 1946 మే 28న వాషింగ్టన్‌లో ఫ్రెంచి ప్రతినిధి లియోన్ బ్లూమ్, అమెరికా విదేశాంగ మంత్రి బర్న్స్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. అప్పుల మాఫీ, కొత్త రుణాలతో పాటు అందులో సినిమాల ప్రస్తావనా ఉంది: ప్రతి పదమూడు వారాల్లో నాలుగు వారాలు మాత్రమే ఫ్రెంచి చిత్రాలకు కేటాయించి, మిగతా కాలం థియేటర్ల తలుపులు అందరికీ తెరిచి ఉంచాలి. యుద్ధకాలంలో ఫ్రాన్సుకు రాకుండా ఆగిపోయిన అమెరికన్ చిత్రాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడడంతో ఫ్రెంచి కళాకారులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు, 1948లో ఆ నాలుగు వారాలు ఐదయ్యాయి. అంతకన్నా ముఖ్యంగా, 1946లోనే ఏర్పడిన జాతీయ చలనచిత్ర కేంద్రం చేతికి 1948 చట్టం ఒక నిధిని అందించింది. థియేటర్లో అమ్ముడయ్యే ప్రతి టికెట్టు మీదా కొంత సొమ్ము ఆ నిధికి చేరాలి. నేటికీ అది అమల్లో ఉంది, టికెట్టు ధరలో 10.72 శాతం ఆ కేంద్రానికి వెళుతుంది. ప్యారిస్‌లో హాలీవుడ్ చిత్రం ఆడినా ఈ వాటా తప్పదు కాబట్టి, ఒక అమెరికన్ భారీ చిత్రం అక్కడ విజయవంతమైతే రేపటి ఫ్రెంచి చిత్రాలకు పెట్టుబడి పెరుగుతుంది.

ఈ నిధి ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చే దానం కాదన్నది గమనించాలి. సినిమా సంపాదించిన డబ్బే సినిమాకు తిరిగి చేరుతోంది. అందులో కొంత, చిత్రం తెచ్చిన వసూళ్లను బట్టి నిర్మాతకు తర్వాతి చిత్రం కోసం దక్కుతుంది. ఇంకొంత, 1959 నుంచి అమల్లో ఉన్న 'వసూళ్ల మీద బయానా' అనే పద్ధతిలో, స్క్రిప్టును చదివి నచ్చిన సంఘం సిఫార్సు మీద ముందస్తుగా అందుతుంది, చిత్రం ఆడితే ఆ సొమ్ము తిరిగి కట్టాలి. మొదటి చిత్రం తీసే పేరులేని దర్శకుడికీ, చిన్న పట్టణం గురించో ఒక వృద్ధురాలి గురించో తీయాలనుకునేవారికీ ఈ బయానా ఊపిరి పోసింది. టీవీ చానళ్లు కూడా తమ రాబడిలో కొంత సినిమా నిర్మాణంలో పెట్టాలన్న నిబంధన ఉంది, థియేటర్లో విడుదలైన చిత్రం ఇంటి తెరకు ఎప్పుడు రావాలన్న దానికీ కట్టుబాటు ఉంది. 2022 ఒప్పందం ప్రకారం నెట్‌ఫ్లిక్స్‌కు ఆ గడువు పదిహేను నెలలు. అదే ఏడాది ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపుకుని చర్చించిన విషయాల్లో ఓటీటీ గడువు కూడా ఒకటన్నది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన దగ్గర అది వారాల లెక్క, అక్కడ నెలల లెక్క. రిచ్‌మండ్ ఉత్సవం మొదలైన 1993లోనే ప్రపంచ వాణిజ్య చర్చల్లో ఫ్రాన్సు పట్టుబట్టి, సినిమా, టీవీ కార్యక్రమాలను మామూలు సరుకులతో జమకట్టకూడదన్న వాదాన్ని నెగ్గించుకుంది. ఈ వాదానికే 'సాంస్కృతిక మినహాయింపు' అని పేరు.

చిత్రాన్ని కర్త రచనగా చూసే ఫ్రెంచి దృష్టి కూడా ఈ వాదానికే దారితీస్తుంది. నాటక రచయిత బోమార్షే 1777లో తోటి రచయితలను కూడగట్టి నాటక సంఘాలతో హక్కుల పోరాటం ఆరంభించాడు. ఆ బీజం నుంచి 1829లో ఏర్పడిన రచయితల సంఘం ఇప్పటికీ రంగస్థల, సినిమా రచయితలకు, దర్శకులకు రావలసిన సొమ్ము వసూలు చేసి పంచుతోంది. 1957 నాటి చట్టం సినిమాకు కర్తలెవరో స్పష్టంగా చెప్పింది: స్క్రిప్టు, సంభాషణల రచయితలు, ఆ చిత్రం కోసం సంగీతం కూర్చినవారు, దర్శకుడు. అమెరికా చట్టంలో, జీతానికి చేయించుకున్న పని కింద, నిర్మాణ సంస్థే కర్తగా లెక్కకు వస్తుంది. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే రిచ్‌మండ్ ఉత్సవం తన ప్రత్యేకతగా ఎంచుకున్న పద్ధతి ఎంత సబబైనదో తెలుస్తుంది. అక్కడ చిత్రాలతో పాటు వాటి దర్శకులు, నటులు, కొన్నిసార్లు ఛాయాగ్రాహకులు, సంగీతకారులు కూడా ఫ్రాన్సు నుంచి వస్తారు, చిత్రాన్ని ప్రేక్షకులకు పరిచయం చేస్తారు, ప్రదర్శన అయ్యాక వేదిక మీద నిలబడి జవాబులు చెబుతారు.

ఆ ముచ్చట జరిగే తీరును కాస్త దగ్గర నుంచి చూడాలి. పేర్ల జాబితా పూర్తిగా నడిచి దీపాలు వెలిగాక, దర్శకుడి పక్కన ఒక దుబాసీ చిన్న పుస్తకం పట్టుకుని నిలబడుతుంది. ప్రేక్షకుల్లో ఒకరు ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను ఆమె దర్శకుడి చెవికి అందిస్తుంది. ఆయన ఒకటి రెండు నిమిషాలు ఆగకుండా ఫ్రెంచిలో మాట్లాడుతుంటే ఆమె పొడి గుర్తులతో రాసుకుని, ఆయన ఆగిన వెంటనే ఇంగ్లీషులో వినిపిస్తుంది. దర్శకుడు చమత్కారంగా ఏదైనా అంటే హాల్లో నవ్వు రెండు విడతలుగా పుడుతుంది: ఫ్రెంచి తెలిసినవాళ్లది ముందు, తెలియనివాళ్లది అనువాదం తర్వాత. ఫ్రెంచి నేర్చుకుంటున్న విద్యార్థులు మొదటి విడతలో నవ్వగలిగిన రోజున వారి ముఖాల్లో కనిపించే వెలుగు ఏ తరగతి గదీ ఇవ్వలేనిది. ప్రశ్నలన్నీ గొప్పగా ఉండవు. కథ ఎలా తట్టింది, ఆ పిల్లవాణ్ని ఎక్కడ వెతికి పట్టుకున్నారు, ముగింపు అలా ఎందుకు పెట్టారు అన్నవి మళ్లీ మళ్లీ వస్తాయి. కానీ ముగింపు నచ్చని ప్రేక్షకురాలు ఆ మాట దర్శకుడి ముఖం మీదే మర్యాదగా చెప్పడం, ఆయన దాన్ని తోసిపుచ్చకుండా తన కారణాలు వివరించడం జరిగినప్పుడు, సినిమా గురించి ఏ సమీక్షా చెప్పలేనంత ఆ పావుగంటలో తెలుస్తుంది. తెలుగు సినిమా వేడుకల్లో ప్రేక్షకుడికి చప్పట్లు కొట్టే పాత్రే గాని ప్రశ్నించే పాత్ర దక్కడం అరుదు, ఇది మనం తీర్చుకోవలసిన లోటు.

సబ్‌టైటిళ్లతో సినిమా చూడడం ఒకప్పుడు తెలుగువారికి చలనచిత్ర సంఘాల సభ్యుల అలవాటు మాత్రమే. ఓటీటీల పుణ్యమా అని మలయాళం, కొరియన్ చిత్రాలు ఇళ్లలోకి వచ్చాక అది అందరికీ అలవడింది. అయితే సబ్‌టైటిల్ రాయడం వెనక ఉన్న కొలతలు చాలామందికి తెలియవు. తెర అడుగున ఒకసారికి రెండు వరసలే పట్టాలి, వరసకు నలభై అక్షరాలకు మించకూడదు. కంటికి అందేటంత సేపు, అంటే కనీసం ఒక సెకను, మహా అయితే ఆరేడు సెకన్లు నిలవాలి. దృశ్యం మారేచోట అక్షరాలు కూడా మారితే కంటికి సుఖం. మనిషి మాట్లాడే వేగం, బొమ్మ చూస్తూ అక్షరాలు చదివే వేగాన్ని మించుతుంది కాబట్టి, ఇద్దరు ముగ్గురు ఒకేసారి వాదించుకునే ఫ్రెంచి భోజనాల బల్ల దృశ్యాల్లో మాటల్లో కొంత భాగం వదిలేయక తప్పదు, ఏది వదలాలో నిర్ణయించడమే ఆ పనిలోని నేర్పు. కొత్తగా వెళ్లేవారు తెర మధ్యకు ఎదురుగా, మరీ ముందుకు కాకుండా కూర్చుంటే కళ్లు కిందికీ పైకీ ఎక్కువగా తిరగనక్కర్లేదు. బర్డ్ వంటి పెద్ద హాల్లో పొడుగు మనుషుల తలలు అక్షరాలకు అడ్డొస్తాయి గనక బాల్కనీ సీటు దొరికితే మరీ మంచిది.

ఫ్రెంచి చిత్రోత్సవానికీ, ఫ్రెంచి భాషా చిత్రాల ఉత్సవానికీ తేడా ఉంది, దీన్ని తేలిగ్గా దాటిపోకూడదు. 1970 మార్చి 20న నైజర్ దేశ రాజధాని నియమేలో ఫ్రెంచి మాట్లాడే దేశాలు ఒక సహకార సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. అందుకే మార్చి 20ని అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ దినంగా జరుపుతారు, ప్రపంచమంతటా ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రాలు ఆ నెలలోనే సినిమాలు ఎక్కువగా వేస్తాయి. ఫ్రాంకోఫోనీ అంటే ఫ్రెంచి మాట్లాడే ప్రపంచం మొత్తం: బెల్జియం, స్విట్జర్లాండ్, కెనడాలోని కెబెక్, ఉత్తర, పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలు. ఆ భాష చాలా చోట్లకు వలస పాలనతో వచ్చింది, వచ్చినచోట అది పాలకుడికి ఎదురు నిలిచే గొంతుగా కూడా మారింది.

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1966లో తీసిన 'లా నువార్ ద…' చూస్తే ఈ మాట అర్థమవుతుంది. మార్సెయ్ రేవులో కూలిపని చేసి, నవలాకారుడై, మాస్కోలో సినిమా నేర్చుకుని వచ్చిన సెంబెన్ తన సొంత కథనే తెరకెక్కించాడు. డకార్ నగరంలో ఒక ఫ్రెంచి కుటుంబం పిల్లలను చూసుకోవడానికి కుదిరిన జూవానా అనే యువతి, వారితో పాటు ఫ్రాన్సు సముద్రతీర పట్టణం ఆంటీబ్‌కు వెళ్లి, అక్కడ వంటకూ అంట్లకూ నాలుగు గోడలకూ పరిమితమైపోతుంది. ఆమె పైకి మాట్లాడేది చాలా తక్కువ, లోపలి ఘోషంతా నేపథ్యంలో ఫ్రెంచిలోనే వినిపిస్తుంది. పనిలో చేరిన కొత్తలో ఆమె యజమానులకు కానుకగా ఇచ్చిన కొయ్య ముసుగు ఆంటీబ్ ఇంటి తెల్లగోడ మీద వేలాడుతూ ఉంటుంది; ఆమె చనిపోయాక యజమాని ఆ ముసుగునూ ఆమె పెట్టెనూ తిరిగి డకార్‌కు తెచ్చినప్పుడు, ఒక పిల్లవాడు ఆ ముసుగు తొడుక్కుని అతడి వెనకే నడుస్తాడు, అతడు వెనక్కి వెనక్కి చూసుకుంటూ అడుగుల వేగం పెంచుతాడు. గంటసేపు నడిచే ఈ చిత్రం సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి వచ్చిన తొలి కథాచిత్రాల్లో ఒకటి. అంతకు ముందు, 1934 నాటి ఒక ఉత్తర్వు కింద, వలస ప్రాంతాల్లో సినిమా తీయాలంటే ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చేది. 'లా నువార్ ద…' వచ్చిన రెండేళ్లకు 'మందాబీ' చిత్రంలో సెంబెన్ తన జనం మాట్లాడుకునే వొలోఫ్ భాషకే మళ్లాడు.

బెల్జియం నుంచి వచ్చిన దార్దెన్ సోదరుల 2014 నాటి చిత్రం 'రెండు రోజులు, ఒక రాత్రి' మరో రకం. మానసిక కుంగుబాటుతో సెలవులో ఉన్న సాండ్రా అనే కార్మికురాలు లేకుండానే పని నడుస్తోందని గ్రహించిన యాజమాన్యం, మిగిలిన పదహారు మందికి ఒక ఎంపిక ఇస్తుంది: తలా వెయ్యి యూరోల బోనస్ కావాలా, సాండ్రా ఉద్యోగం ఉండాలా. బోనస్ వైపే మొగ్గిన ఓటింగును సోమవారం పొద్దుట రహస్యంగా మళ్లీ జరపడానికి యజమాని ఒప్పుకుంటాడు. శని, ఆదివారాల్లో సాండ్రా ఒక్కొక్కరి తలుపూ తట్టి అదే విన్నపం చేస్తుంది. చిత్రమంతా ఇంతే, ఉత్కంఠ మాత్రం ఏ నేరకథకూ తీసిపోదు. ఫుట్‌బాల్ మైదానం అంచున ఆమెను చూడగానే, ఒక సహోద్యోగి తాను బోనస్‌కు ఓటేసినందుకు సిగ్గుపడి వెక్కివెక్కి ఏడుస్తాడు. మరొకడు పిల్లల చదువు ఖర్చు లెక్కచెప్పి తల దించుకుంటాడు. అతణ్ని తప్పుపట్టే వీలు దర్శకులు ప్రేక్షకుడికి ఇవ్వరు. నేపథ్య సంగీతం పెట్టి ఇక్కడ ఏడవండి, ఇక్కడ కోపగించండి అని చెప్పరు. తారాబలం మీద నడిచే కథలకు అలవాటుపడిన ప్రేక్షకుడికి మొదటి అరగంట బోసిగా అనిపించవచ్చు. ఆ అరగంట ఓపిక పట్టినవాడికి, ఎదుటి మనిషి ముఖాన్ని ఇంత సేపు, ఇంత శ్రద్ధగా ఈ మధ్యకాలంలో చూశామా అన్న ప్రశ్న పుడుతుంది.

ఇటువంటి ఉత్సవాలు ఇతర చోట్లా ఉన్నాయి. బెల్జియంలోని నామూర్‌లో 1986 నుంచి ఫ్రెంచి భాషా చిత్రోత్సవం నడుస్తోంది, ఫ్రాన్సులోనే ఆంగులేమ్ పట్టణం 2008లో తనదైన ఉత్సవం మొదలుపెట్టింది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1995లో మొదలైన సినెమానియా ఉద్దేశం ఆసక్తికరమైనది: ఫ్రెంచి మాట్లాడేవారే ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లో, ఇంగ్లీషు మాట్లాడేవారు కూడా ఫ్రెంచి చిత్రాలు చూడగలిగేలా ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో వేయడం. పక్క వీధి భాషలోని సినిమాకు కూడా వంతెన కట్టవలసిన అవసరం తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఉత్సవానికి మొదటిసారి వెళ్లేవారు పేరున్న నటుల చిత్రాలనే ఎంచుకోవడం సహజం, అవి రేపోమాపో ఓటీటీలోనైనా దొరుకుతాయి. ఎంచుకోవలసింది, ఆ చోటు దాటితే మళ్లీ దొరకనివాటిని: కొత్త దర్శకుల తొలి చిత్రాలు, డాక్యుమెంటరీలు, ముఖ్యంగా లఘుచిత్రాలు. ఫ్రాన్సులో లఘుచిత్రానికి జాతీయ కేంద్రం విడిగా సాయం చేస్తుంది, టీవీ చానళ్లు కొంటాయి, క్లెర్మాన్-ఫెరాన్ అనే ఊళ్లో దానికోసమే పెద్ద ఉత్సవం జరుగుతుంది. పది పన్నెండు నిమిషాల్లో కథ చెప్పే ఆ చిత్రాలను వరసగా చూపే పూట టికెట్టు కొంటే, రాబోయే పదేళ్ల ఫ్రెంచి సినిమా తీరు ముందుగానే చూసినట్టవుతుంది. రోజుకు మూడు చిత్రాలు మించితే మూడోదాని ముఖాలు మొదటిదాని కథలో కలిసిపోతాయి కాబట్టి, కొన్నిటిని వదులుకోవడానికి సిద్ధపడి రావాలి.

రిచ్‌మండ్ శివార్లలోని షార్ట్ పంప్, గ్లెన్ ఆలెన్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి, అక్కడి థియేటర్లలో తెలుగు చిత్రాలు విడుదల రోజునే ఆడతాయి. మార్చి నెలాఖరులో వారికి ఈ ఉత్సవం కారు దూరంలో ఉంది. ఒక ఊరి ప్రేక్షకులు పరభాషా చిత్రాన్ని ఆదరించడమనే ఈ విషయంలో తెలుగువారు ఫ్రాన్సుకు రుణపడి కూడా ఉన్నారు. సినిమాటోగ్రాఫ్‌ను ప్రపంచానికి అందించిన లూమియేర్ సోదరుల జన్మస్థలం బెజాన్సాన్, కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' 1981లో ఆ ఊరి చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలుచుకుంది. కర్ణాటక సంగీతం పేరు కూడా విని ఉండని జనం శంకరశాస్త్రి కథకు ఓటేశారంటే, ఒక ఊరి హాలు పరాయి భాషకు ఎంత చోటివ్వగలదో తెలుస్తుంది.

హైదరాబాదులో ఇటువంటి ఉత్సవానికి కావలసిన సరంజామా ఏదీ కొరవడలేదు. ఫ్రెంచి నేర్పుతూ చిత్రాలు ప్రదర్శించే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, దశాబ్దాలుగా ప్రపంచ సినిమాను చూపుతూ వస్తున్న హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఉంది, ఫ్రెంచి విభాగం ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. రిచ్‌మండ్‌లో ఇద్దరు ఆచార్యులు ప్రారంభించినట్టు ఇక్కడి ఉపాధ్యాయులు పూనుకుంటే, మొదటగా చేయవలసింది ఫ్రెంచి చిత్రాలకు నేరుగా తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం. అప్పుడే ఇంగ్లీషు వేగంగా చదవలేని అమ్మమ్మలు, ఇంటర్ పిల్లలు, కార్మికులు ఆ హాల్లోకి రాగలుగుతారు. తొంభై నిమిషాల చిత్రానికి ఇంచుమించు వెయ్యి సబ్‌టైటిళ్లు అవుతాయి. ఇరవై మంది విద్యార్థులు పంచుకుంటే తలా యాభై వస్తాయి, తప్పొప్పులు దిద్దుకోవడంతో కలిపి ఒక సెమిస్టరులో పూర్తయ్యే పని అది.